1968 జీటీవో, మా నాన్న, వుడ్‌వార్డ్ రోడ్డు: పాత మజిల్ కార్లు నడిపే మనవాళ్ళు ఇక్కడికి రండి

వుడ్‌వార్డ్_వాసి | ట్రాయ్, మిషిగన్

అందరికీ నమస్కారం. మూడేళ్ళు వెతికి చివరికి ఈ మార్చిలో కారు కొన్నాను. 1968 పాంటియాక్ జీటీవో, మధ్యతరహా బండిలో పెద్ద కారు ఇంజన్ పెట్టిన మజిల్ కారు. వెర్డోరో గ్రీన్ రంగు, 400 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, మన లెక్కలో 6.6 లీటర్లు. మూడు గేర్ల ఆటోమేటిక్. ముందు క్రోమ్ బంపర్ ఉండదు, బండి రంగులోనే రబ్బరులాంటి ఎండ్యూరా ముక్కు ఉంటుంది. ఆ ఏడాది మోటార్ ట్రెండ్ పత్రిక 'కార్ ఆఫ్ ది ఇయర్' దీనికే ఇచ్చింది.

ఛాసిస్ నంబరు 242తో మొదలవుతుంది, అంటే అసలు జీటీవోయే. తర్వాత వచ్చే 'పి' అక్షరం పాంటియాక్ ఊరి ఫ్యాక్టరీది. ఆ ఊరు మా ఇంటికి అరగంట కూడా ఉండదు. యాభై ఏళ్ళు దాటినా పుట్టిన ఊరి చుట్టూనే తిరుగుతున్న బండి మన చేతికి వచ్చిందంటే ఆ సంతోషం వేరు.

అసలు రాయాలనుకున్నది ఇది. మే నెలలో అమ్మానాన్న వచ్చారు. నాన్న బెజవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్ళు మెకానిక్‌గా చేశారు, ఎక్కువగా అంబాసిడర్లు. మా బండికి కొన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. 45 మైళ్ళ వేగంలో పెడల్ మీద కాలు ఊరికే ఆనించి నిదానంగా పోతుంటే ఇంజన్ మిస్ కొడుతుంది. పెడల్ పూర్తిగా తొక్కితే మాత్రం ఏ బాధా లేదు, లేడిలా దూకుతుంది. ఇక్కడ ఒక షాపులో ఇచ్చాను. ప్లగ్గులు మార్చారు, వైర్లు మార్చారు, కార్బొరేటర్ విప్పి కొత్త కిట్ వేశారు. డబ్బులు అయ్యాయి గానీ మిస్సింగ్ పోలేదు.

నాన్న పక్క సీట్లో కూర్చుని ఒక రౌండు వచ్చారు. దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక బానెట్ తెరిపించి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ చూపించి, "ఒరేయ్, డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే ఆ వ్యాక్యూమ్ గొట్టం పీకి, మూతికి ఏదైనా బిరడా పెట్టు" అన్నారు. పెట్టాను. "ఇప్పుడు పద." అదే రోడ్డు, అదే వేగం. మిస్ లేదు!

తిరిగొచ్చి క్యాప్ తీశారు. లోపల సీబీ పాయింటు (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంపే స్విచ్చు) బిగించిన ప్లేటును స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా అటూ ఇటూ తిప్పి చూపించారు. ప్లేటు తిరిగినప్పుడల్లా పాయింటుకి వెళ్ళే సన్నటి వైరు బాడీకి ఒరుసుకుంటోంది. పైతొడుగు ఒక బియ్యపు గింజంత మేర అరిగిపోయి లోపల రాగి కనపడుతోంది. నిదానంగా పోయేటప్పుడు ఇంజన్‌లో వ్యాక్యూమ్ ఎక్కువ ఉంటుంది, అది ఆ గొట్టం ద్వారా ప్లేటును లాగుతుంది, వైరు బాడీకి తగిలి ఎర్త్ అయిపోతుంది, స్పార్క్ పోతుంది. పెడల్ పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వస్తుంది, వైరు విడుతుంది. "అంబాసిడర్‌కీ ఈ రోగం వచ్చేదిరా. సిలిండర్లు నాలుగైతే ఏంటి, ఎనిమిదైతే ఏంటి" అన్నారు.

వైరు ఖరీదు ఆరు డాలర్లు.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్, పాత బండ్లన్నీ ఆ రోడ్డు మీద తిరిగే పండగ. నాన్నను తీసుకెళ్తున్నాను. మీలో ఎవరెవరి దగ్గర ఇలాంటి బండ్లున్నాయో చెప్పండి.

---

ఓరుగల్లు_ఓల్డ్స్ | లాన్సింగ్, మిషిగన్

ముందుగా మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి అన్నా. చెవితో రోగం పట్టే పెద్దలు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు!

నా దగ్గర 1970 ఓల్డ్స్‌మొబైల్ 442 ఉంది, 455 క్యూబిక్ అంగుళాల ఇంజన్. ఓల్డ్స్‌మొబైల్ అంటే మా లాన్సింగే. ఆఖరి కారు కూడా ఇక్కడే, 2004 ఏప్రిల్ 29న బయటికి వచ్చింది. 442 పేరుకి అర్థం చాలామంది అడుగుతారు. 1964లో మొదలైనప్పుడు నాలుగు బ్యారెళ్ళ (గాలి దారుల) కార్బొరేటర్, నాలుగు గేర్లు, రెండు సైలెన్సర్లు అని లెక్క.

మీకొక మాట, దయచేసి వాయిదా వేయొద్దు. మీ పాంటియాక్ ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ (వాల్వులను వేళకి తెరిపించే గొలుసు) పళ్ళచక్రం ఎప్పుడైనా మార్చారేమో కనుక్కోండి. ఆ రోజుల్లో చప్పుడు తగ్గాలని పైచక్రం పళ్ళకి నైలాన్ పూత వేసేవారు. ఇన్నేళ్ళ వేడికి అది పెళుసెక్కి పెచ్చులు పెచ్చులుగా ఆయిల్ పాన్‌లో పడుతుంది. ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే బేరింగులకి ఆయిల్ అందదు. ఒకవేళ చెయిన్ పళ్ళు దాటితే దారిలోనే ఆగిపోతారు. నా 442లో పాన్ విప్పితే గోధుమరంగు ముక్కలు గుప్పెడు వచ్చాయి. ఉక్కు చక్రం వేయించుకున్నాను, అప్పటి నుంచి నిశ్చింత.

---

టెక్సాస్_తమ్ముడు | ఫ్రిస్కో

అన్నలూ, నాకు 29 ఏళ్ళు. చిన్నప్పుడు కాకినాడలో మా మామయ్య గోడకి ఒక పాత అమెరికన్ కారు క్యాలెండర్ ఉండేది, అప్పటి నుంచి ఈ పిచ్చి. ఇప్పుడు కొనగలిగే స్థితికి వచ్చాను. 1966 మస్టాంగ్ ఒకటి, 1970 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్, పెద్ద ఇంజన్ రకం) ఒకటి చూశాను. రెంటిలో ఏది అసలైన మజిల్ కారు? కొనే ముందు ఏం చూడాలి? ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

---

షెవెల్_బావ | కొలంబస్, ఒహైయో

తమ్ముడూ, షెవెల్ ఎస్‌ఎస్ దగ్గర ఒక్క నిమిషం ఆగు. నా అనుభవం విను.

ఆరేళ్ళ కిందట పక్క రాష్ట్రంలో ఒక అమ్మకందారు దగ్గర 1970 షెవెల్ ఎస్‌ఎస్ 396 అని కొన్నాను. బానెట్ మీద నల్ల చారలు, ముందు గ్రిల్‌లో ఎస్‌ఎస్ గుర్తు, లోపల గుండ్రటి మీటర్లు, అన్నీ ఉన్నాయి. ఎస్‌ఎస్ ధరే ఇచ్చాను. రెండేళ్ళ తర్వాత పెట్రోలు ట్యాంకు కారుతోందని దించాం. ట్యాంకు పైన దుమ్ములో అతుక్కుని ఫ్యాక్టరీవాళ్ళ బిల్డ్ షీటు (ఆ బండికి ఏమేం బిగించాలో రాసిన కాగితం) దొరికింది. నీళ్ళు చల్లి మెత్తగా విడదీసి గరాజ్‌లో దీపం కింద పెట్టుకుని చదివాను. 307 ఇంజన్, బెంచి సీటు. ఎస్‌ఎస్ కాని మామూలు షెవెల్ మాలిబు! చారలు, గుర్తులు, మీటర్లు అన్నీ తర్వాత ఎవరో తగిలించినవి. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

1966 నుంచి 1968 వరకు షెవెల్ ఛాసిస్ నంబరు 138తో మొదలైతే అది ఎస్‌ఎస్ 396. 1969 నుంచి ఎస్‌ఎస్ ఒక ఆప్షన్ మాత్రమే, నంబరులో ఎక్కడా కనపడదు. కాబట్టి కాగితం ఉంటేనే ఎస్‌ఎస్ ధర ఇవ్వు. బిల్డ్ షీటు లేకపోతే, కొన్నప్పటి బిల్లు లేకపోతే, అది మంచి మాలిబు అనుకుని మాలిబు ధరకే బేరమాడు. జీటీవోలకి ఆ బాధ తక్కువ. 1966 నుంచి 1971 వరకు 242 చూస్తే చాలు, పైగా పాంటియాక్ ఫ్యాక్టరీ రికార్డులు డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు.

ఇంకోటి. ఇంజన్ పాడైతే బాగు చేసుకోవచ్చు, తుప్పు మాత్రం నిన్ను తినేస్తుంది. ఒక అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి వెనక చక్రాల పైన, తలుపుల కింది అంచు దగ్గర పెట్టి చూడు. అంటుకోకపోతే పెయింటు కింద ఉన్నది రేకు కాదు, లప్పం. డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడు. బండి కిందికి దూరి వెనక చక్రాల దగ్గర ఛాసిస్ ఫ్రేమును స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడు. గట్టి చోట ఖణేల్‌మంటుంది, కుళ్ళిన చోట మొద్దుగా వినపడుతుంది. రంగు చూసి మురిసిపోకు.

నా మాలిబును మాత్రం అమ్మలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం తీస్తాను.

---

పాత_పత్రికలు | హైదరాబాద్

నా దగ్గర కారు లేదు, ఈ బండ్ల గురించి నలభై ఏళ్ళుగా చదువుతున్నాను, అంతే. తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్నకి నాకు తెలిసింది చెబుతాను.

1963 మొదట్లో జనరల్ మోటార్స్ పైఅధికారులు తమ కంపెనీలన్నీ రేసుల నుంచి తప్పుకోవాలని ఆర్డరు వేశారు. పాంటియాక్ పేరు నిలబడిందే రేసుల మీద. అప్పుడు అక్కడ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్. ఆయన మనుషులు టెంపెస్ట్ అనే మధ్యతరహా కారును చూస్తూ ఒక సంగతి గమనించారు. అందులో వేసే 326 ఇంజన్ ఏ పట్టీల మీద కూర్చుంటుందో, పెద్ద కార్లలో వేసే 389 కూడా అక్కడే కూర్చుంటుంది! కానీ మధ్యతరహా కారులో 330 క్యూబిక్ అంగుళాలు మించకూడదని కంపెనీ రూలు. ఆ రూలు కొత్త మోడళ్ళకి. అందుకని దాన్ని కొత్త మోడల్ అనకుండా టెంపెస్ట్‌లోనే లెమాన్స్ అనే రకం మీద ఒక ఆప్షన్‌గా పెట్టారు. పేరు ఫెరారీ జీటీవో నుంచి తీసుకున్నారు. 5,000 అమ్ముడైతే గొప్ప అనుకున్నారు. 1964లో 32,450 పోయాయి.

మధ్యతరహా బాడీ, పెద్ద కారు ఇంజన్, కుర్రవాళ్ళు కొనగలిగే ధర. మజిల్ కారంటే ఇదీ లెక్క. మస్టాంగ్ అదే 1964లో ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వచ్చింది. చాలా అందమైన బండి, కానీ అది చిన్న కారు, దాన్ని పోనీ కార్ అంటారు. పెద్ద ఇంజన్ వేసిన మస్టాంగులను మజిల్ కార్లలో కలిపేవాళ్ళూ ఉన్నారు, నాకేమీ అభ్యంతరం లేదు.

హార్స్‌పవర్ అంకెలు చూసి కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 1971 దాకా ఇంజన్‌ను స్టాండు మీద పెట్టి, బండిలో ఉండే సైలెన్సర్లూ, ఫ్యానూ లాంటి బరువులు లేకుండా కొలిచిన అంకెలే ఎక్కువగా ప్రచారం చేసేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలిచిన అంకెలు వేశారు. 1970 షెవెల్ ఎల్‌ఎస్6 ఇంజన్‌కి 450 అని చదివి, 1972 బండికి చాలా తక్కువ చూసి మోసం అనుకోవద్దు. ఇంజన్లు నిజంగా కూడా తగ్గాయి, అది వేరే సంగతి. సీసం లేని పెట్రోలు కోసం 1971లో కంప్రెషన్ దించారు, ఇన్సూరెన్సులు కుర్రవాళ్ళను పిండేశాయి, 1973 అక్టోబరులో అరబ్ దేశాల నుంచి చమురు ఆగిపోయింది. పదేళ్ళు కూడా నిండని కాలం. అందుకే నాకు అంత ప్రేమ.

---

ఫీనిక్స్_అక్క | అరిజోనా

నాది 1968 ప్లిమత్ రోడ్ రన్నర్. 383 ఇంజన్, నాలుగు గేర్ల మాన్యువల్. కార్టూన్ పిట్ట పేరు వాడుకోవడానికి ప్లిమత్ వాళ్ళు వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు ఇచ్చారు. హారన్ నిజంగానే ఆ పిట్టలా 'బీప్ బీప్' అంటుంది. మా కాలనీలో పిల్లలందరికీ నా హారన్ తెలుసు.

టెక్సాస్ తమ్ముడికి నేను వేడి గురించి, పిల్లల గురించి చెప్పాలి. మీదీ మాదీ ఎండ దేశమే.

ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే కార్బొరేటర్‌లోకి వెళ్ళే పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. బండి ఆగిపోతే పావుగంట కదలదు. కార్బొరేటర్ కింద వేడి ఆపే మందపాటి గ్యాస్కెట్ వేయించు. పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కి దగ్గరగా పోతుంటే పక్కకి జరిపించు. ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం లేకుండా చాలా బండ్లు తిరుగుతుంటాయి, అది లేకపోతే నిలబడ్డప్పుడు రేడియేటర్‌కి గాలి సరిగా అందదు. ఇప్పటి పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరిచేస్తుంది. కొన్న వెంటనే ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ప్రతి రబ్బరు గొట్టం మార్చేయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక పిల్లలు. 1968 బండి వెనక సీటులో నడుముకి కట్టే బెల్టు మాత్రమే ఉంటుంది. బూస్టర్ సీటులో కూర్చునే పిల్లలకి భుజం మీదుగా వచ్చే బెల్టు తప్పనిసరి. మా పాప ఏడేళ్ళది. నేను ఒక మంచి షాపులో బాడీకి గట్టి పట్టీలు వెల్డింగ్ చేయించి మూడు చోట్ల పట్టే బెల్టులు పెట్టించాకే ఎక్కించాను. అసలుతనం పోతుందని ఇద్దరు ముగ్గురు బాధపడ్డారు. నా పాప కంటే అసలుతనం నాకు ఎక్కువ కాదు.

బ్రేకుల గురించి కూడా. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉంటే ఒకసారి బాగానే ఆగుతుంది, వెంటవెంటనే రెండోసారి మూడోసారి తొక్కితే పట్టు తగ్గిపోతుంది. ముందు బండికి దూరం ఎప్పుడూ రెట్టింపు ఉంచు.

ఇంట్లో చెప్పు తమ్ముడూ. దాచి కొనే వస్తువు కాదిది, గరాజ్‌లో సగం ఆక్రమిస్తుంది.

---

షెవెల్_బావ | కొలంబస్

వుడ్‌వార్డ్ అన్నా, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేసేయండి. క్యాప్ కిందే పట్టేస్తుంది, బయటికి కనపడదు. నాది నాలుగేళ్ళుగా ముట్టుకోలేదు.

---

వుడ్‌వార్డ్_వాసి | ట్రాయ్

బావా, మీ మాట నాన్నకి చెప్పాను. "వేసుకోమను, మంచిదే. కానీ నడిరోడ్డులో పోతే ఆ డబ్బా ఏం చెబుతుంది? పాయింటైతే గీకి పెట్టుకుని ఇంటికి రావచ్చు" అన్నారు. ప్రస్తుతానికి పాయింట్లే. గ్లవ్ బాక్సులో ఒక స్పేర్ పాయింటు సెట్టు, ఒక కండెన్సర్ పెట్టుకున్నాను.

ఓరుగల్లు అన్నా, టైమింగ్ కవరు విప్పించాం. మీరు చెప్పినట్టే నైలాన్ చక్రం, నాలుగు పళ్ళు లేవు. మార్చేశాం. మీరు రాయకపోతే అలాగే నడిపేవాణ్ణి.

ఇప్పుడు క్రూజ్ కబుర్లు.

1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బులు కూడబెట్టడానికి మొదలుపెట్టారట. ఇప్పుడు ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వార్డ్ అంతా బండ్లే. అరవైల్లో ఇక్కడి కుర్రాళ్ళు రాత్రిళ్ళు సిగ్నలు దగ్గర పోటీలు పెట్టుకున్న రోడ్డు ఇదే, కంపెనీల ఇంజనీర్లు కూడా కొత్త బండ్లు తెచ్చి చూసుకునేవారని చెబుతారు. మేము ఉదయం ఆరున్నరకే రాయల్ ఓక్‌లో ఒక పార్కింగులో చోటు పట్టాం. అమ్మ పులిహోర, గారెలు కట్టింది. రోడ్డు పక్క మడతకుర్చీల్లో ఇళ్ళకి ఇళ్ళే కదిలి వచ్చి కూర్చున్నాయి.

తొమ్మిది గంటలప్పుడు ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, మా బండి దగ్గర ఆగారు. పాంటియాక్ ఫ్యాక్టరీలో ఇంజన్ల లైనులో 28 ఏళ్ళు చేశారట. బానెట్ తెరవమన్నారు. నాన్నకి ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. నేను మధ్యలో చెబుదామని ముందుకెళ్తే అవసరం రాలేదు. ఇద్దరూ ఫెండర్ మీద చెరో పక్క వంగారు. నాన్న పాయింటు గ్యాప్ వేళ్ళతో చూపించి, జేబులోంచి ఫీలర్ గేజ్ (సన్నటి సందు కొలిచే రేకు) తీసి, క్యాప్ విప్పబోయారు. పెద్దాయన నాన్న మణికట్టు పట్టుకుని ఆపారు. బండి స్టార్ట్ చేయమని నాకు సైగ చేశారు.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి పక్కన ఒక చిన్న రేకు కిటికీ ఉంటుంది. నేను అది ఏదో మూత అనుకున్నాను. ఆయన దాన్ని బొటనవేలితో పైకి జరిపి, లోపలికి ఒక అలెన్ కీ (ఆరు పలకల కీ) పెట్టి, ఇంజన్ ఆడుతుండగానే మెల్లగా తిప్పడం మొదలుపెట్టారు. తిప్పుతూ పోతే ఇంజన్ ఒక్కసారి తడబడింది. అక్కడ ఆపి, అర చుట్టు వెనక్కి తిప్పారు. అంతే, నున్నగా ఆడింది. కీ తీసి కిటికీ దించేశారు.

నాన్న మొహం మీరు చూడాలి. "బండి ఆడుతుంటే పాయింటు సెట్ చేశాడ్రా! 31 ఏళ్ళు నేను క్యాప్ తీసి, చేత్తో ఇంజన్ తిప్పి, పాయింటు తెరుచుకునే చోటు చూసుకుని గేజ్ పెట్టాను" అన్నారు. ఆయన ఆ కీ నాన్న చేతిలో పెట్టి, మీరూ చేయండి అన్నట్టు తల ఊపారు. నాన్న చేశారు. తడబడే దాకా తిప్పి, అర చుట్టు వెనక్కి. పెద్దాయన భుజం తట్టారు. అమ్మ ఆయనకి రెండు గారెలు పెట్టింది, నిలబడే తిన్నారు.

వెళ్తూ వెళ్తూ అలెన్ కీ తిరిగి తీసుకోలేదు.

మధ్యాహ్నం రోడ్డెక్కాం. నాలుగు మైళ్ళకి గంటన్నర. నాన్న దారి పొడుగునా ఉష్ణోగ్రత మీటరే చూస్తూ కూర్చున్నారు, మధ్యలో ఒకసారి పక్కకి ఆపించి చల్లారనిచ్చారు. రోజు మొత్తం మీద గ్యాలనుకి ఎంత వచ్చిందో లెక్క వేయలేదు. మామూలుగా 11 మైళ్ళు ఇస్తుంది, అంటే లీటరుకి ఐదు కిలోమీటర్ల లోపు.

---

పాత_పత్రికలు | హైదరాబాద్

ఆ కిటికీ గురించి పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను బాబూ. అది తెరుచుకుంటే ఇద్దరు పెద్దవాళ్ళు అలా వంగి చూస్తారని మీ పోస్టు చదివాకే కళ్ళకి కట్టింది. నాన్నగారికి నమస్కారాలు.

---

టెక్సాస్_తమ్ముడు | ఫ్రిస్కో

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది, అక్క చెప్పిన బెల్టులు ముందు పెట్టించాలి. షెవెల్‌కి కాగితాలు లేవు, వదిలేశాను. ఒక 1967 జీటీవో చూశాను, 242 ఉంది, అయస్కాంతం అన్ని చోట్లా అంటుకుంది. ఒక్కటే సందేహం. అమ్మేవాళ్ళు పది రోజులు తీయలేదట, స్టార్ట్ కావడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చింది. ఇంజన్ పోయినట్టా?

---

ఓరుగల్లు_ఓల్డ్స్ | లాన్సింగ్

భయపడకు. దాని మీద క్వాడ్రాజెట్ కార్బొరేటర్ ఉంటుంది. ఇప్పటి పెట్రోలు నిలవ ఉంటే గిన్నెలోంచి ఆవిరైపోతుంది. దానికి తోడు కింద ఉండే బిరడాల్లోంచి కూడా కొన్నిటికి కారుతుంది, కార్బొరేటర్ విప్పినప్పుడు వాటికి ఎపాక్సీ పూయించు. గిన్నె ఖాళీగా ఉంటే పంపు మళ్ళీ నింపేదాకా సెల్ఫ్ కొట్టక తప్పదు. స్టార్ట్ అయ్యాక ఆయిల్ ప్రెషర్ బాగుండి, చప్పుళ్ళు లేకపోతే ఇంజన్ బాగున్నట్టే. చల్లటి ఇంజన్‌కి ముందు పెడల్ ఒక్కసారి నేలదాకా తొక్కి వదిలితే చోక్ పడుతుంది, అప్పుడు తాళం తిప్పు. ఆయిల్ మాత్రం ఈ పాత ఇంజన్ల కోసం జింక్ ఎక్కువ కలిపినదే కొను, వాల్వులను తోసే కామ్ లోబులు అరగకుండా ఉంటాయి.

ఇటువైపు వాళ్ళకి చలికాలం వస్తోంది. రోడ్ల మీద ఉప్పు చల్లకముందే బండి లోపల పెట్టేయండి. ట్యాంకు నిండుగా పోసి, పెట్రోలు చెడకుండా మందు కలిపి, అది కార్బొరేటర్ దాకా చేరేలా పది నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ మార్చి పెట్టండి. సైలెన్సర్ల మూతుల్లో స్టీల్ పీచు కుక్కండి, లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం వద్దు, లోపల చెమ్మ చేరుతుంది గానీ లాభం లేదు.

---

వుడ్‌వార్డ్_వాసి | ట్రాయ్

అక్టోబరు ఆఖరున నాన్నావాళ్ళు వెళ్ళిపోయారు. ఆ అలెన్ కీ నాన్న తనతో తీసుకెళ్ళారు. ఆటోనగర్‌లో దానికి పని పడదని తెలుసు, అయినా తీసుకెళ్ళారు. నేను ఇంకోటి కొనుక్కున్నాను.

నిన్న బండి లోపల పెట్టే ముందు ఆఖరి రౌండుకి తీశాను. బయల్దేరే ముందు నాన్న ఫోన్ చేసి, "బానెట్ తీసి ఫోను దగ్గర పెట్టు, ఒకసారి వింటాను" అన్నారు. అక్కడ రాత్రి పదకొండు. ఫోను ఎయిర్ క్లీనర్ మీద పెట్టి పక్కన నిలబడ్డాను. ఒక నిమిషం పాటు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత, "ఐడ్లింగ్ కాస్త ఎక్కువుందిరా. అర చుట్టు తగ్గించు" అన్నారు.

తగ్గించాను. "ఆఁ, ఇప్పుడు పో" అన్నారు.